ముందు దెబ్బ ఎవరికి: గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది ఒడిశాలోని గుణుపురం, రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. తమ్ముడు సూరత్‌లో మగ్గాల మీద ఉన్నాడు. అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ మూడో సంవత్సరం, ఆ ఫీజు కోసం కొంత పొలం తాకట్టులో ఉంది. ఏఐ ఇంకా ముదిరితే ఈ ముగ్గురిలో ఎవరి పనికి ముందు ఎసరు వస్తుంది, ఇప్పటి నుంచే చేయవలసింది ఏమైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను బాబూ. ముందు తగిలేది అమ్మాయికి. తర్వాత మీకు. ఆఖరున తమ్ముడికి, అదీ మనం భయపడే రూపంలో కాదు. మగ్గం నుంచి, మట్టి నుంచి పిల్లల్ని ఒడ్డున పడేయాలనే కదా మన వైపు ఇళ్లలో అప్పులు చేసి చదివించాం, ఇప్పుడు ఆ చదువుకున్న పనికే ముందు ముప్పు అంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటేనే ఏం చేయాలో తేలుతుంది.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషిని, అంటే కార్ఖానాల్లో కొలిచే, అదుపుచేసే పరికరాలు చూసేవాడిని. రాయగడ, కొరాపుట్ వైపు కార్ఖానాల కంట్రోల్ రూముల్లో నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు చిన్న మిల్లులకూ సొసైటీలకూ కంప్యూటర్ వ్యవస్థలు పెట్టి ఇస్తుంటాను. ఆర్థికవేత్తలు రాసినవి చదువుతాను, పనికొచ్చినవి కింద చెబుతాను కూడా, కానీ నా నమ్మకం ఎక్కువగా యంత్రం లోపలికి వచ్చిన రోజు నుంచి మనుషుల పని ఎలా మారుతూ వచ్చిందో దగ్గరగా చూసినదాని మీదే ఉంటుంది.

ముందు ఆ వరస ఎందుకు అలా వచ్చిందో చెప్పాలి. మనకు కష్టంగా ఉండేది యంత్రానికి తేలిక, మనకు తేలికగా ఉండేది యంత్రానికి కష్టం. ఈ సంగతి 1980ల్లోనే హాన్స్ మొరావెక్ అనే రోబోల శాస్త్రవేత్త చెప్పాడు. చదరంగం ఆడడం, లెక్కలు కట్టడం, పేజీలకు పేజీలు రాయడం యంత్రం నేర్చుకుంది. తిరుగుతున్న మగ్గంలో తెగిన పడుగు పోగును వెతికి పట్టుకుని ముడి వేయడం, తడిసిన బస్తాను భుజాన వేసుకుని లారీ మీదికి ఎక్కించడం ఇప్పటికీ దానికి గగనమే. ఒకవేళ చేయగలిగినా ఆ రోబో ఖరీదు, దాని మరమ్మతు, దానికి కావలసిన శుభ్రమైన చోటు, ఇవన్నీ కలిపితే మన కూలీ కంటే ఎన్నో రెట్లు అవుతుంది, ఏ యజమానీ కొనడు. అదే కాగితం పని, కోడ్ పని అయితే యంత్రానికి కొత్తగా చేతులూ కాళ్లూ అక్కర్లేదు, నెలకు కొంత చందా కడితే చాలు.

2024 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒక అంచనా వేసింది. ప్రపంచంలో దాదాపు 40 శాతం ఉద్యోగాల మీద ఏఐ ప్రభావం ఉంటుందని, ధనిక దేశాల్లో అది 60 శాతం దాకా ఉంటుందని, పేద దేశాల్లో 26 శాతమేనని. పేద దేశాల్లో తక్కువ ఎందుకంటే అక్కడ ఎక్కువ మంది పొలంలో, కొలిమి దగ్గర, మగ్గం మీద ఉన్నారు కాబట్టి. అంతకు ముందు ఏడాది, 2023లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ పనులను విడదీసి చూసింది. గుమాస్తా పనుల్లో 24 శాతం ఏఐకి బాగా లొంగేవని, మరో 58 శాతం ఓ మాదిరిగా లొంగేవని తేల్చింది. ఇంకే రకం పనిలోనూ ఇంత లేదు. ఇవి "ప్రభావం పడే" పనుల లెక్కలు, ఊడిపోయే ఉద్యోగాల లెక్కలు కావు. టీవీలో ఈ తేడా చెప్పకుండా చదివేసి జనాన్ని టెన్షన్ పెడుతున్నారు.

ఇక అమ్మాయి సంగతి. ఇక్కడ ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టమూ ఎక్కువ అవకాశమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

మెటర్ అనే పరిశోధనా సంస్థ 2025 మార్చిలో ఒక కొలత ఇచ్చింది. ఒక నిపుణుడికి ఎంతసేపు పట్టే పనిని ఏఐ తనంతట తాను సగం సార్లయినా పూర్తి చేయగలుగుతోంది అని చూస్తే, ఆ నిడివి ఆరేళ్లుగా సుమారు 7 నెలలకోసారి రెట్టింపు అవుతూ వస్తోందట. ముఖ్యంగా కోడ్ రాసే పనుల్లో. ఈ వేగం ఇలాగే సాగుతుందని రాసివ్వగలిగేవాళ్లు ఎవరూ లేరు, కానీ మీ అమ్మాయి చదువు పూర్తయ్యే లోపే ఇప్పుడున్న పనిముట్ల కంటే చాలా గట్టివి వస్తాయని అనుకునే మనం ప్లాన్ వేసుకోవాలి.

2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు అమెరికాలో జీతాల చెల్లింపుల రికార్డులు తీసి చూశారు. ఏఐ ప్రభావం బాగా ఉన్న పనుల్లో 22 నుంచి 25 ఏళ్ల వయసు వాళ్ల ఉద్యోగాలు, 2022 చివరి నుంచి, మిగతా వాళ్లతో పోల్చితే 13 శాతం తగ్గాయి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, కస్టమర్ సర్వీసులో ఉండేవాళ్లు అందులో ముందున్నారు. అవే పనుల్లో వయసు పైబడిన, అనుభవం ఉన్నవాళ్ల ఉద్యోగాలు మాత్రం నిలబడ్డాయి. మన దేశంలో 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12,000 మంది పైచిలుకును తగ్గిస్తామని ప్రకటించినప్పుడు అందులో ఎక్కువ మంది మధ్య, పై స్థాయి వాళ్లేనని చెప్పింది. కాబట్టి అన్నిచోట్లా ఒకే తీరు అనలేం. అయినా కొత్తగా చేరే పిల్లలకు ఇచ్చే పనులు, అంటే చిన్న చిన్న బగ్గులు సరిచేయడం, టెస్టులు రాయడం, పాత కోడ్‌కు డాక్యుమెంట్లు తయారుచేయడం, ఇవే ఏఐ ముందుగా మింగుతోంది. ఆ పనులు చేస్తూనే ఒకప్పుడు పిల్లలు పని నేర్చుకునేవాళ్లు. నాకు బెంగ అంతా దాని మీదే.

ఎందుకంటే ఇది నేను నా కళ్ల ముందు చూశాను. కంప్యూటర్ కంట్రోల్ రాకముందు కార్ఖానాలో ఆపరేటర్ గంటగంటకూ చేతిలో లాగ్ షీట్ పట్టుకుని ట్యాంకుల మధ్య తిరిగేవాడు. గేజ్ చూసి రాసేవాడు, పంపు మీద చెయ్యి వేసి వేడి చూసేవాడు, శబ్దం తేడాగా ఉంటే ఆగేవాడు. తర్వాత అన్నీ స్క్రీన్ మీదికి వచ్చాయి, ఆ తిరుగుడు పోయింది, మనుషులు తగ్గారు, ఉత్పత్తి పెరిగింది. కొన్నేళ్లు అంతా బాగానే ఉంది, ఎందుకంటే స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు ఆ తిరిగి నేర్చుకున్నవాళ్లే. వాళ్లు రిటైర్ అయ్యాక తేడా తెలిసింది. ట్యాంకు మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్‌కు ప్రెషర్ తెచ్చే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, ఇంపల్స్ లైన్ అంటాం. అందులో మడ్డి పేరుకుని మూసుకుపోతే ట్రాన్స్‌మిటర్ ఆగిపోదు, పాత రీడింగే చూపిస్తూ కూర్చుంటుంది. స్క్రీన్ మీద 60 శాతం అని పచ్చరంగులో నిలకడగా ఉంటుంది, అలారం ఏమీ రాదు, ట్యాంకు మాత్రం నిండిపోతూ ఉంటుంది. పాత ఆపరేటర్ అయితే ఆ అంకె కదలకపోవడమే చూసి అనుమానపడేవాడు, ఎందుకంటే నిజమైన మట్టం ఎప్పుడూ కాస్త అటూఇటూ ఆడుతూ ఉంటుంది. స్క్రీన్ మీదే పెరిగిన కుర్రాడికి కదలని అంకె అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. తప్పు ఆ కుర్రాడిది కాదు. ట్యాంకు దగ్గరికి వెళ్లే పని వాడికి మేనేజ్‌మెంట్ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఏఐ తప్పు చెప్పినప్పుడు కూడా అచ్చం ఇలాగే చెబుతుంది. తడబడదు, ఎర్ర లైటు వెయ్యదు, సరైన జవాబు ఎంత ధీమాగా ఇస్తుందో తప్పు జవాబూ అంతే ధీమాగా ఇస్తుంది. దాన్ని పట్టుకోగలిగిన మనిషికి గిరాకీ ఉంటుంది, ఇంకా పెరుగుతుంది. అలాంటి మనిషి కింది మెట్టు ఎక్కకుండా నేరుగా పై మెట్టు మీద పుట్టడు. కంపెనీలు కింది మెట్టు తీసేస్తున్నాయి కాబట్టి మీ అమ్మాయి ఆ మెట్టును బయట తానే కట్టుకోవాలి.

ఎలాగంటే, మీ మిల్లే ఉంది కదా. వచ్చే సెలవుల్లో అమ్మాయిని మిల్లుకు తీసుకెళ్లండి. గేటు దగ్గర లారీ రిజిస్టరు ఒకటి, వేబ్రిడ్జి చీటీ ఒకటి, సొసైటీ ఇచ్చిన కాగితం ఒకటి, మీ టాలీలో ఎంట్రీ ఒకటి, ఈ నాలుగూ ఏ రోజైనా పూర్తిగా కలిశాయా? కలవవు. ఒక చోట లారీ నంబరు చేత్తో రాసి ఉంటుంది, ఇంకో చోట బరువు సంచులతో కలిపి ఉంటుంది, రైతు పేరు ఒడియాలో ఒకలా, ఇంగ్లిష్‌లో ఇంకోలా ఉంటుంది. ఈ నాలుగింటినీ సరిపోల్చి తేడాలు చూపించే చిన్న వ్యవస్థ తయారుచేయమనండి. కోడ్ ఏఐతో రాయించుకోనివ్వండి, అందులో తప్పేం లేదు, కానీ ప్రతి లైను ఏం చేస్తోందో మీకు తెలుగులో వివరించి చెప్పాలి, అది తప్పు చేసిన చోటల్లా ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఇంటర్వ్యూలో మార్కుల కంటే ఆ నోట్‌బుక్ ఎక్కువ పనిచేస్తుంది. ఎందుకు చెబుతున్నానంటే, మనుషుల్ని తీసుకునే కమిటీల్లో నేనూ కూర్చున్నాను. ఏది తప్పు, ఎందుకు తప్పు అని చెప్పగలిగిన పిల్లలు ఎంత అరుదో నాకు తెలుసు.

ఇంకొకటి. ఉద్యోగం అంటే హైదరాబాద్, బెంగళూరు అని మాత్రమే చూడొద్దు. దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హెచ్‌ఏఎల్, జేకేపూర్‌లో కాగితం మిల్లు, తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, ఇవన్నీ మనకు అందే దూరంలోనే ఉన్నాయి. కంప్యూటర్ తెలిసి, బాయిలర్ పక్కన నిలబడడానికి జంకని పిల్లలు ఇలాంటి చోట్ల ఎప్పుడూ తక్కువే. కోడ్ ఒక్కటే వస్తే పోటీ ప్రపంచమంతటితో, ఇప్పుడు ఏఐతో కూడా. కోడ్‌తో పాటు ఒక పరిశ్రమ లోపలి పని తెలిస్తే పోటీ చాలా తగ్గుతుంది.

పొలం తాకట్టు మాట. చదువు మధ్యలో ఆపించకండి, ఆ డిగ్రీ ఇంకా తలుపులు తెరుస్తుంది. కానీ "ఏఐ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అని లక్షలు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా అప్పు చేసి ఇవ్వకండి. నేర్చుకోవలసినది దాదాపు అంతా ఉచితంగా దొరుకుతోంది. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉన్నాయి, పాఠాలు వినడానికి డబ్బు అక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బుతో ముందు తాకట్టు వడ్డీ తగ్గించుకోండి. రాబోయే కొన్నేళ్లలో మొదటి ఉద్యోగం దొరకడానికి మామూలు కంటే ఎక్కువ కాలం పట్టవచ్చు, అప్పుడు ఇంటి మీద అప్పు తక్కువగా ఉండడమే పిల్లకు మీరు ఇవ్వగలిగిన పెద్ద బలం.

ఇప్పుడు మీ సంగతి. మీ పనిలో ఏ ముక్కలు పోతాయో మీకే బాగా తెలుసు. జీఎస్టీలో నెలనెలా 14న మీ కొనుగోళ్ల మీద వచ్చే పన్ను క్రెడిట్ల చిట్టా, 2బీ, వస్తుంది, 20వ తేదీలోగా 3బీ రిటర్న్ వేయాలి, ఆ మధ్యలో కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ కూర్చోవడం మీలాంటి వాళ్లందరికీ తలనొప్పి. ఆ సరిచూడడం ఇక యంత్రం చేస్తుంది, చేస్తోంది కూడా. చేత్తో రాసిన బిల్లును ఫొటో తీస్తే చదివి ఎంట్రీ వేసేస్తుంది. అది పోతే పోనివ్వండి, ఆ పని కోసం ఏడవనక్కర్లేదు. కానీ గోనె సంచులు పంపిన పలాస పార్టీ తన రిటర్న్ వేయకపోతే మీ మిల్లుకు ఆ పన్ను క్రెడిట్ ఆగిపోతుంది చూశారా, అక్కడ తేడా ఉందని యంత్రం చెబుతుంది, ఆ పార్టీకి ఫోన్ చేసి నయాన భయాన రిటర్న్ వేయించేది మీరు. ఆఫీసు నుంచి నోటీసు వస్తే వెళ్లి జవాబు చెప్పేది మీరు. క్వింటాలు ధాన్యానికి ఉప్పుడు బియ్యం 68 కిలోలు ఇవ్వాలి, ఈసారి గింజ నూక ఎక్కువ పోతోంది, లెక్క ఎక్కడ కుదరడం లేదో యజమానికి సూటిగా చెప్పగలిగేదీ మీరే. యంత్రం ఇచ్చిన జవాబు తప్పయితే ఎవరు బాధ్యులు అన్న చోట మనిషి కావాలి. మీరు ఆ చోటికి జరగండి. ఆడిట్‌కు ఎదురు కూర్చోండి, బ్యాంకుకు వెళ్లే కాగితాలు మీ చేతి మీదుగా వెళ్లేలా చూసుకోండి. రోజంతా ఎంట్రీలు మాత్రమే వేసే గుమాస్తాకు మాత్రం కాలం దగ్గర పడింది, మిల్లులో ముగ్గురున్న చోట ఒకరు మిగులుతారు. మీరు ఆ ఒకరు కావాలి. మీ దగ్గర పనిచేసే కుర్రాడు ఎవరైనా ఉంటే వాడికి కూడా ఈ మాట ఇప్పుడే చెప్పండి.

అలాగని ప్రతి జోస్యాన్నీ నమ్మకండి. జెఫ్రీ హింటన్ అంతటి వాడు, ఈ రంగానికి ఆద్యుల్లో ఒకడు, 2016లో రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలి, ఐదేళ్లలో యంత్రమే మెరుగ్గా చూస్తుంది అన్నాడు. యంత్రాలు ఎక్స్‌రేలు చూడడం బాగానే నేర్చుకున్నాయి, రేడియాలజిస్టులకు మాత్రం ఇప్పటికీ కొరతే. ఫిల్మ్ చూడడం వాళ్ల పనిలో ఒక ముక్క, అంతే. మరో వైపు, ఏఐ ఉన్నవాళ్లను బాగుపరచిన లెక్క కూడా ఉంది. 5,000 మందికి పైగా కస్టమర్ సపోర్ట్ సిబ్బంది మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఏఐ సాయంతో వాళ్లు గంటకు తీర్చే సమస్యలు 14 శాతం పెరిగాయి, కొత్తవాళ్లకైతే 34 శాతం, అనుభవజ్ఞులకు దాదాపు ఏమీ పెరగలేదు. అంటే నేర్చుకోవడానికి వాడితే కొత్తవాళ్లకే ఎక్కువ లాభం. అదే పనిముట్టు కొత్తవాళ్లను తీసుకోకుండా ఉండడానికీ పనికొస్తుంది. ఎలా వాడాలన్నది యజమాని నిర్ణయం, యంత్రం నిర్ణయం కాదు.

తమ్ముడి విషయం త్వరగా ముగిస్తాను. గంజాం, గజపతి నుంచి లక్షల మంది సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు, పోగు తెగితే ముడి వేసే ఆ చేతులకు బదులు రోబో ఇప్పట్లో రాదు. ఆ కుర్రాళ్లకు అసలు ముప్పు వేరే. పాత షటిల్ మగ్గాల చోట వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వస్తే ఒక మనిషి ఎక్కువ మగ్గాలు చూడగలడు, మనుషులు తగ్గుతారు. ఆర్డర్లు తగ్గినా అంతే. ఇవి ఏఐ కంటే పాత సంగతులు. ఏఐ అతని దగ్గరికి ముందు వచ్చేది పనివాడిగా కాదు, మేస్త్రీగా. బట్టలో లోపాలు పట్టే కెమెరాలు ఇప్పటికే ఉన్నాయి. మీటరు లెక్కన కూలీ తీసుకునేవాడికి ఎన్ని మీటర్లు బాగున్నాయి, ఎన్ని కటింగ్‌లో పోయాయి అన్నది కెమెరా చెబితే, అది తప్పని ఎవరితో వాదించాలి? మనిషి చెకర్ అయితే కనీసం ఆ తాను పరిచి చూపించమని అడగవచ్చు. అతనికి చెప్పండి, కొత్త మగ్గాల మెకానిక్ పని, ఎలక్ట్రానిక్ బోర్డులు సరిచేసే పని నేర్చుకునే వీలుంటే వదలొద్దని. రేషన్ కార్డు సూరత్‌లో కూడా చెల్లుతుంది, వాడుకుంటున్నాడో లేదో కనుక్కోండి.

మొత్తం ఆర్థిక వ్యవస్థకు ఏమవుతుందని కూడా అడిగారు. పెద్దపెద్దవాళ్ల లెక్కలకే పొంతన కుదరలేదు. 2023లో గోల్డ్‌మన్ శాక్స్ అనే అమెరికా బ్యాంకు పదేళ్లలో ప్రపంచ ఉత్పత్తి 7 శాతం పెరగవచ్చని, 30 కోట్ల ఉద్యోగాలకు సమానమైన పని యంత్రాలకు పోయే వీలుందని అంది. 2024లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డారన్ ఎసెమొగ్లు అదే ఏడాది లెక్క కట్టి, పదేళ్లలో ఉత్పాదకత పెరుగుదల మొత్తం కలిపి 0.66 శాతం దాటకపోవచ్చు అన్నాడు. ఇంత తేడా ఎందుకంటే, పనిముట్టు ఎంత గొప్పదన్నది ఒక ప్రశ్న, దాని చుట్టూ పని పద్ధతి మార్చుకోవడానికి ఎంత కాలం పడుతుందన్నది ఇంకో ప్రశ్న. ఎడిసన్ న్యూయార్క్‌లో కరెంటు స్టేషన్ పెట్టింది 1882లో. అమెరికా కార్ఖానాల్లో కరెంటు వల్ల ఉత్పాదకత నిజంగా ఎగసింది 1920లలో. అప్పటిదాకా ఆవిరి ఇంజను ఉన్న చోటే పెద్ద మోటారు పెట్టి పాత బెల్టులనే తిప్పారు. యంత్రానికొక చిన్న మోటారు పెట్టి కార్ఖానాను కొత్తగా అమర్చుకున్నాకే ఫలితం వచ్చింది. ఏఐ అంత ఆలస్యం చేయదని నా అంచనా, ఎందుకంటే దానికి కొత్త తీగలు లాగనక్కర్లేదు, ఫోనులోకే వస్తోంది. అయినా ప్రభుత్వ ఆఫీసు, బ్యాంకు, మిల్లు తమ పద్ధతులు మార్చుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లే మనకున్న వ్యవధి.

లాభం ఎవరికి పోతుందన్నది మాత్రం వదలకూడని ప్రశ్న. ఇంగ్లండ్‌లో యంత్రాలు వచ్చిన తొలి కాలంలో, 1780 నుంచి 1840 వరకు, ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే కూలీ విలువ 12 శాతమే పెరిగిందని రాబర్ట్ అలెన్ అనే చరిత్రకారుడు లెక్క తేల్చాడు. రెండు తరాలు అలా గడిచిపోయాయి. మనకు అంత దూరం వెళ్లనక్కర్లేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955 నుంచి కరెంటు పుడుతోంది, ఆంధ్రా ఒడిశా పంచుకుంటున్నాయి, మంచిదే. దానికి నీళ్లిచ్చే జలాపుట్ డ్యామ్ కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లకు ఆ వెలుగు ఎప్పుడు చేరిందో ఆ వైపు పెద్దవాళ్లను అడగండి. ఇప్పుడు విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. కట్టేటప్పుడు మన వైపు మేస్త్రీలకూ ఎలక్ట్రీషియన్లకూ చేతి నిండా పని ఉంటుంది, వెళ్లగలిగినవాళ్లు వెళ్లాలి. కట్టడం అయ్యాక డేటా సెంటర్ నడపడానికి కావలసిన మనుషులు, దాని ఖర్చుతో చూస్తే, చాలా తక్కువ. కరెంటు, నీళ్లు మాత్రం రోజూ కావాలి. అందుకే అలాంటివి వచ్చినప్పుడు ఎన్ని కోట్లు అని కాక, నడిచే రోజుల్లో ఎన్ని ఉద్యోగాలు, శిక్షణ ఎక్కడ, స్థానిక ఐటీఐలకు సీట్లు ఎన్ని అని అడగాలి.

మన సరిహద్దు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రెండు భాషల మధ్య నిలబడి బతికినవాళ్లం మనం. పట్టా ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, బ్యాంకు ఫారం ఇంగ్లిష్‌లో. అర్జీలు రాసి, చదివి చెప్పి బతికేవాళ్లు ప్రతి తహసీలు ఆఫీసు బయటా ఉన్నారు. 2022లో మొదలైన భాషిణి అనే కేంద్ర ప్రభుత్వ అనువాద వ్యవస్థ లాంటివి వచ్చాక ఒడియా కాగితాన్ని ఫోనులో తెలుగు చేసుకోవచ్చు, ఆ రాత పని చాలావరకు పోతుంది. చదవలేని ముసలివాళ్లకు ఇది గొప్ప మేలు, నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ ఈ పనిముట్లు ఎక్కువగా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల చుట్టూ తయారవుతున్నాయి. గుణుపురం కొండల్లో సవర మాట్లాడేవాళ్లు, రాయగడ వైపు కువి మాట్లాడేవాళ్లు ఆ జాబితాలో లేరు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలని తపించి వంద ఏళ్లు దాటింది, ఇప్పుడు యంత్రాలకు ఆ భాష నేర్పే పని మిగిలి ఉంది. ఊళ్లలో మాటలు రికార్డు చేసి ఇస్తే డబ్బు చెల్లించే సంస్థలు ఉన్నాయి, బెంగళూరులోని కార్య అలాంటిదే. సవర, తెలుగు రెండూ వచ్చిన పిల్లలు మీ అమ్మాయి కాలేజీలో తప్పకుండా ఉంటారు, ఇది వాళ్లకు చెప్పమనండి.

చివరిగా, మీరు ఈ సీజన్‌లోనే చేయగలిగింది ఒకటి. మండీల్లో గింజను ఫొటో తీసి నాణ్యత చెప్పే గ్రెయిన్ ఎనలైజర్ యంత్రాలు తెస్తున్నారు. తేమ 17 శాతం దాటిందని, తాలు ఎక్కువని క్వింటాలుకు కిలోలకు కిలోలు కోసేసే గొడవ మీకు తెలియనిది కాదు, మిల్లు వైపు నుంచి మీరు రోజూ చూస్తున్నదే. యంత్రం నిష్పక్షంగా ఉంటే రైతుకూ మిల్లుకూ ఇద్దరికీ మంచిదే. కానీ దాని అద్దం మీద దుమ్ము పడినా, చేతికి దొరికిన మూల నుంచి గుప్పెడు గింజలు తీసి పెట్టినా అంకె తప్పుతుంది, ఇంపల్స్ లైన్ గురించి పైన చెప్పింది ఇందుకే. ధాన్యం కొనే ల్యాంప్స్ సహకార సొసైటీ మీటింగులో మీరు లేచి నాలుగు విషయాలు రాతలో పెట్టమని అడగండి. శాంపిల్ బస్తా పైనుంచీ అడుగునుంచీ కూడా రైతు ముందే తీయాలి. యంత్రం ఇచ్చిన స్లిప్పు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. రైతు ఒప్పుకోకపోతే రెండోసారి చేత్తో పరీక్ష చేయాలి, ఆ ఫలితం కింద ఒక మనిషి పేరుతో సంతకం ఉండాలి. ఆ యంత్రాన్ని సరిచూసిన తేదీ దాని మీదే అతికించాలి. మిల్లు మనిషే ఈ మాట అడిగితే సొసైటీ వాళ్లు కాదనడం కష్టం, కోతలు మొదలయ్యే లోపే అడగండి.